ఇనుపరాయికి దొరికిన రైలు మన నిమ్మకాయకు దొరకదా?



ఈసారి రాసేది వాన గురించి కాదు, యూరియా గురించి కాదు. టూరు గురించి. నవ్వబాకండి. చివరిదాకా చదివితే ఇది కూడా మన పొలం సంగతేనని మీకే తెలుస్తుంది.

కొన్నాళ్లుగా మన ఆత్మకూరు, ఉదయగిరి దిక్కు టీ అంగళ్ల కాడ, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. నడికుడి–శ్రీకాళహస్తి రైలు వచ్చేస్తుందంట. అది వస్తే ఉదయగిరి కోట, భైరవకోన, పెంచలకోన, సోమశిల డ్యాం అన్నీ కలిపి టూరిస్టు ప్యాకేజీ పెడతారంట. అరకు మాదిరి అద్దాల పెట్టె తగిలిస్తారంట. మన మెట్ట దశ తిరిగిపోతుందంట.

తిరిగితే మంచిదే. ఎవరు వద్దంటారు? కానీ ఆ అరకు టూరుకు నేను పోయొచ్చినా. ఆడ ఎవరి దశ తిరిగిందో నా కళ్లతో చూసొచ్చినా. అదేందో ముందు చెప్తా, తర్వాత మన సంగతికి వస్తా.

పోయిన చలికాలం మా మేనల్లుడు విశాఖలో ఉద్యోగమొచ్చిందని పిలిచినాడు. "మామా, ఎప్పుడూ చేను, గొడ్డు అంటా ఉంటావు. ఒక్క రోజు అరకు చూసిరా, నేను టికెట్టు తీస్తా" అన్నాడు. మనిషికి రెండువేల పైచిలుకు కట్టి గైడుతో కూడిన ప్యాకేజీ తీసినాడు. ఏ కంపెనీ అన్నది వదిలేయండి, అందరిదీ దాదాపు ఒకే వరస. పొయ్యేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. టిఫిను, భోజనం, గుహలు, మ్యూజియం, థింసా డాన్సు, కాఫీ తోట అన్నీ అందులోనే.

రైలు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అద్భుతం. 2017 ఏప్రిల్‌లో ఈ దారిలో అద్దాల పెట్టె మొదలుపెట్టినారు. పక్కన అద్దం, పైకప్పు అద్దం, కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. తెల్లారి విశాఖలో ఎక్కితే కొత్తవలస దాటి కొండ మొదలవుతుంది. సొరంగం మీద సొరంగం. కొత్తవలస నుంచి కిరండూలు దాకా ఈ లైనులో 58 సొరంగాలు ఉన్నాయంట. శిమిలిగూడ స్టేషను కాడికి వచ్చేసరికి సముద్రం మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల పైకి ఎక్కేసినాం. లోయలో మెట్లు మెట్లుగా వరిమళ్లు, పక్కన పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు. నాలాంటి రైతుకు కళ్లు చాల్లేదు.

అరకులో దిగినాక గైడు జెండా పట్టుకుని ముందు నడస్తా ఉంటే మేమంతా బడిపిల్లల మాదిరి ఎనక నడిచినాం. స్టేషను బయట ఒక ఆమె గంపలో అల్లం, మిరియాలు, రాజ్మా గింజలు పెట్టుకుని కూర్చోనుంది. నేను ఆగినా. "ఎంతమ్మా మిరియాలు?" అని అడిగేలోపే గైడు కేక: "సార్, ఈడ వద్దు, మనకు షాపింగ్ పాయింటు వేరే ఉంది." ఆ షాపింగ్ పాయింటు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. భోజనం ముందే మాట్లాడుకున్న హోటల్లో. కాఫీ ముందే మాట్లాడుకున్న అంగట్లో. కొండమీద ఎన్ని ఊర్లు దాటినామో, ఒక్క ఊళ్లో ఒక్క గుమ్మం కాడ మేం పది రూపాయలు ఖర్చు పెట్టలేదు.

ఒక్క చోట మాత్రం పెట్టినాం. అదే ఈ పోస్టుకు కారణం.

దారిలో వలిసె చేను కాడ బస్సు ఆపినారు, ఫోటోలకు. ఆ చేను రైతు గట్టు మీద నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, మనిషికి ఇరవై రూపాయలు తీసుకుంటా ఉన్నాడు. మా బస్సులో వాళ్లకు ఎంత కోపమొచ్చిందో చూడాలి. "పూలు చూడ్డానికి కూడా డబ్బులా? వీళ్లు కూడా చెడిపోయినారు" అని ఒకాయన. గైడేమో "ఈ మధ్య ఇట్లా తయారైనారు సార్" అని సంజాయిషీ.

నేను ఆ రైతు పక్కన నిలబడి అడిగినా, ఎందుకు తాడు కట్టినావని. ఆయన చెప్పింది రెండు ముక్కలే. "బాబూ, ముందు ఊరకనే రానిచ్చినాం. తొక్కి పారేశారు. గింజ రాలేదు."

ఆలోచించండి అన్నలారా. రెండువేలు కట్టి వచ్చిన మనిషి దేనికి కట్టినాడు? ఆ కొండకు, ఆ చేనుకు, ఆ పూలకు. ఆ చేను దున్నినోడికి, విత్తు చల్లినోడికి అందులో ఒక్క పైసా లేదు. ఆయన తాడు కట్టి ఇరవై అడిగితే చెడిపోయినోడు అయినాడు. ఆ రోజు మొత్తం టూరులో తన పొలానికి తాను వెల కట్టుకున్న ఒకే ఒక్క మనిషి ఆయన. నా దృష్టిలో ఆ బస్సు చుట్టుపక్కల తెలివైనోడు కూడా ఆయనే.

ఇప్పుడు ఆ రైలు పుట్టుక సంగతి చూద్దాం. అరకు రైలు ఎవరో కొండ అందం చూడ్డానికి వేసిన రైలు కాదు. బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. జపానుకు ఆ ఖనిజం కావాల్సొచ్చింది. 1960లలో జపానుతో ఒప్పందం చేసుకుని, ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి కొండలు తొలిచి ఈ లైను వేసినారు. ఈరోజుకీ ఆ పట్టాల మీద పెద్ద గిరాకీ గూడ్సుదే. అద్దాల పెట్టె నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం.

నీలగిరి బొమ్మ రైలు చూడండి. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీ దాకా 1908లో వచ్చింది. అది కూడా ఎండలు తప్పించుకునే దొరల కోసం, తోటల కోసం, కొండ మీదికి సరుకు ఎక్కడానికి వేసిందే. వందేళ్లు పని చేసినాక 2005లో యునెస్కో వాళ్లు వారసత్వ సంపద అన్నారు. అంటే ఏంది? ముందు పనికొచ్చిన రైలే పాతబడినాక వారసత్వం అవుతుంది. ఈ రెండింట్లో ముందే బొమ్మ మాదిరి పుట్టిన రైలు ఏదీ లేదు. మనోళ్లేమో ఇంకా పట్టా పడకముందే అద్దాల పెట్టె గురించి కలలు కంటా ఉన్నారు. ఆ పట్టా మీద మన సరుకు ఎక్కుతుందా లేదా అని అడిగేవాడు లేడు.

ఇంకో సంగతి. ఆ అరకు టూరులో చూపించే బొర్రా గుహలున్న అనంతగిరి మండలం ఉంది చూడండి, దేశం మొత్తానికి ఒక పెద్ద తీర్పు ఇప్పించిన నేల అది. ఆ అడవుల్లో గిరిజనుల భూముల్లో మైనింగు లీజులు ఇచ్చినారని సమతా అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 1997లో తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగుకు ఇవ్వకూడదని కోర్టు చెప్పింది. అంతేకాదు, ఆ నేల మీద వ్యాపారం చేస్తే నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి ఆ ఊర్ల నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు ఖర్చు పెట్టాలని కూడా చెప్పింది.

మనది షెడ్యూల్డు ప్రాంతం కాదు, ఆ తీర్పు మనకు చట్టంగా వర్తించదు. అది నాకూ తెలుసు. కానీ అందులో ఉన్న న్యాయం ఏ నేలకైనా ఒకటే. నేల నుంచి రాయి తీసి అమ్మితే ఊరికి వాటా ఉండాలి. మరి ఆ నేలను అద్దంలోంచి చూపించి అమ్మితే వాటా ఎందుకుండదు? రాయి ఒక్కసారే అమ్ముడుపోతుంది, చూపు రోజూ అమ్ముడుపోతుంది.

సరే, ఇంక మన ఇంటికి వద్దాం.

ఉదయగిరి కోట గురించి గొప్పలు చెప్పుకునేటప్పుడు మనం ఒక కథ మరిచిపోతాం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి వచ్చి ఏడాదిన్నర దాకా కోటను చుట్టుముట్టి 1514లో గెలిచినాడు. పోతా పోతా ఈడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయినాడు. 1515లో ఆడ పెద్ద గుడి కట్టి ప్రతిష్ఠ చేసినాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కర్ణాటక వాళ్లు 2008లో గోల్డెన్ ఛారియట్ అని విలాస రైలు వేసి, లోకంలోని ధనవంతులందరినీ హంపికి తీసుకొచ్చి చూపిస్తా ఉన్నారు. అంటే దేవుడు పోయింది మన కొండ నుంచి. గుడి ఉండేది హంపిలో. విగ్రహం ఉండేది చెన్నైలో. రైలు దిగేది హోస్పేటలో. మనకు మిగిలింది ముళ్లకంప పట్టిన మెట్లదారి.

ఇది రాయల మీద కోపంతో రాయడంలా. విలువైంది మన కాడ పుట్టడం, దాని మీద వచ్చే ఆదాయం ఇంకో చోట పుట్టడం మనకు ఐదొందల ఏళ్ల నాటి అలవాటు అని చెప్తున్నా. సోమశిలలో 78 టీఎంసీలు నిలబెట్టొచ్చు. డ్యాం మన ఆత్మకూరు దిక్కునే. కానీ ఉదయగిరి మెట్టలో బోరు వెయ్యి అడుగులు దిగినా దుమ్ము లేస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నర్ది, బిక్కి కొయ్యతో చేసే ఆ గరిటెలు, చెంచాలు ఊరు దాటినాక ఎంతకు అమ్ముతున్నారో, చేసిన ఆమెకు రోజు కూలి ఎంత గిట్టుబాటు అవుతుందో ఎవరైనా పోయి అడగండి.

ఇప్పుడు రైలు. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరైంది. పొడవు 309 కిలోమీటర్లు. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలి, భూమి రాష్ట్రం ఉచితంగా రైల్వేకి ఇవ్వాలి అని ఒప్పందం. ఉచితం అంటే రైల్వేకి ఉచితం. ఆ భూమి ఆకాశం నుంచి రాలేదు గదా. కనిగిరి, పామూరు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి వరసలో మనలాంటోళ్ల చేలల్లోంచే పోతుంది. పల్నాడు దిక్కు కొంత దూరం పట్టాలు పడి రైలు తిరిగింది. మన దిక్కు పని ఇంకా సాగతానే ఉంది. అందుకే ఇప్పుడే రాస్తున్నా. కట్ట పడినాక తూము అడిగితే ఎవడిస్తాడు?

తూము మాట ఊరకే అనలేదు. రైలు కట్ట అంటే మెట్టలో అడ్డంగా పోసే పెద్ద చెరువుకట్ట లాంటిది. మన చెరువులన్నీ వానకు పైనుంచి పారే వంకల మీద బతికేవి. కట్టకు సరైన చోట, సరైన వెడల్పులో కల్వర్టు పెట్టకపోతే కట్టకు పైన ఉన్నోడి చేను మునుగుతుంది, కింద ఉన్నోడి చెరువు ఎండుతుంది. అండర్‌పాస్ లోతుగా తవ్వి నీళ్లు పొయ్యే దారి పెట్టకపోతే వానాకాలమంతా అది గుంట. ట్రాక్టరు పోదు, వరి కోత మిషను పట్టదు, గొర్రెల మందను అటు నుంచి ఇటు తోలడానికి మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. సగం చేను పట్టాకు అటు, సగం ఇటు మిగిలినోడి బాధ ఏ టూరు గైడు చెప్పడు. అద్దాల పెట్టెలోంచి చూస్తే అది "పచ్చని పల్లె" అంతే.

సరుకు సంగతి. రాపూరు, కలువాయి, పొదలకూరు దిక్కు నిమ్మ. ఉదయగిరి దిక్కు బత్తాయి, కంది, మినుము. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు పోయే పొగాకు సరేసరి. మన నిమ్మకాయ ఢిల్లీ పోవాలంటే సుమారు రెండువేల కిలోమీటర్లు లారీ మీదే పోవాలి. ఎండాకాలంలో దారిలో కాయ పండి, కుళ్లితే ఆ కుళ్లు లెక్క రేటులో మన మీదే పడుతుంది. డీజిలు పెరిగితే మన మీదే పడుతుంది.

అట్లని రైలుకు పండ్లు ఎక్కవా? 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది. దక్షిణాదిలో అదే మొదటిది. పండ్లు, కూరగాయలకు అప్పట్లో రవాణా ఛార్జీలో సగం రాయితీ కూడా ఇచ్చినారు. ఎందుకు సాధ్యమైంది? అనంతపురానికి స్టేషనుంది, సరుకుంది, అడిగినోళ్లు ఉన్నారు. మనకు సరుకుంది. స్టేషను వస్తుందంటున్నారు. అడిగినోళ్లే లేరు. మనం అడుగుతున్నది అద్దాల పెట్టె. ఇనుపరాయి కోసం 58 సొరంగాలు తొలిచిన దేశంలో నిమ్మకాయ కోసం ఒక గూడ్సు షెడ్డు కట్టలేరా?

నాకు వచ్చే ఎదురుమాటలు నాకు తెలుసు.

ఒకటి: "నువ్వు పోయి చూసొచ్చి మమ్మల్ని వద్దంటావా?" వద్దనడంలా. మళ్లీ పిలిస్తే మళ్లీ పోతా. మా ఇంట్లో ఆమెను కూడా తీసుకుపోతా. కానీ ఈసారి స్టేషను బయట గంప పెట్టుకున్న ఆమె కాడే మిరియాలు కొంటా, గైడు అరిచినా సరే.

రెండు: "టూరిస్టులు వస్తే మన పిల్లోళ్లకు ఉద్యోగాలు వస్తాయి గదా?" వస్తాయి. హోటల్లో గిన్నెలు తోమే ఉద్యోగమా, కోట కథ చెప్పి డబ్బు తీసుకునే ఉద్యోగమా అన్నది ఇప్పుడు మనం ఏం అడుగుతామన్న దాని మీద ఉంది. మహారాష్ట్రలో రైతులే తమ తోటల్లో గదులు వేసి, జొన్నరొట్టె పెట్టి, ఎడ్లబండి ఎక్కించి డబ్బు తీసుకుంటా ఉన్నారు. ఆ ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటకానికని విడిగా ఒక విధానమే తెచ్చింది. ఆడ రైతు యజమాని. అరకు దారిలో నేను చూసిన టూరులో రైతు కిటికీలో బొమ్మ. తేడా అంతే.

మూడు: "ముందు రైలు రానీరా నాయనా, ఇప్పుడే గొడవ పెడితే అది కూడా ఆగిపోతుంది." ఈ మాట పెద్దోళ్లు అంటే నాకు బాధేస్తుంది. పదిహేనేళ్లు కావస్తోంది మంజూరై. మనం నోరు మూసుకున్నందుకు వేగంగా ఏమన్నా వచ్చిందా? భూమి ఇచ్చినోడు షరతు చెప్పడం గొడవ కాదు, హక్కు.

తప్పు మనది కూడా ఉంది, అది దాచను. అరకు కాఫీ రైతులు కలిసి సహకార సంఘం కట్టుకున్నారు. వాళ్ల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో అంగడి తెరిచే దాకా పోయింది. ఆ పేరు తెచ్చింది టూరు బస్సు కాదు, వాళ్ల ఐకమత్యం. మనమేమో స్టేషను ఎక్కడ వస్తుందో తెలుసుకునేది ప్లాట్లు వెయ్యడానికి. పక్కోడి చేను ఎంతకు పోయిందని అడుగుతాం గానీ పక్కోడి చేనుకు కల్వర్టు పెట్టినారా అని అడగం.

కాబట్టి నేను చెప్పేది ఇది. రైలు దారిలో ఉన్న ప్రతి ఊళ్లో గ్రామసభలో ఈ ఐదు రాయించి తీర్మానం చేయించండి.

1. ప్రతి వంక, ప్రతి చెరువు పారుదల కాడ కల్వర్టు ఎంత వెడల్పు పెడుతున్నారో పంచాయతీకి పటం ఇవ్వాలి. ఊరి పెద్ద రైతులు, చిన్న రైతులు, గొర్రెల కాపర్లు దాన్ని చూసి ఒప్పుకున్నాకే కట్ట పొయ్యాలి.

2. ఆత్మకూరు, వింజమూరు స్టేషన్లలో మొదటి రోజు నుంచే గూడ్సు షెడ్డు, నీడ, కాటా ఉండాలి. నిమ్మ, బత్తాయి కాలంలో పార్సిలు పెట్టె ఆగాలి.

3. "ఒక స్టేషను, ఒక ఉత్పత్తి" అని 2022 బడ్జెట్‌లో కేంద్రమే చెప్పింది. వింజమూరు స్టేషనులో ఉదయగిరి చెక్క గరిటెల అంగడి, చేసే ఆడోళ్ల సంఘానికే ఇవ్వాలి. వెంకటగిరిలో నేతగాళ్లకు ఇవ్వాలి.

4. ఏ ప్యాకేజీ అయినా కోటకు, కోనలకు, దర్గాకు వస్తే గైడు, భోజనం, జీపు ఆ మండలం వాళ్లవే ఉండాలి. ఉదయగిరి ఊళ్లోకి పట్టాలు రావు. దిగినోళ్లు రోడ్డు మీదే రావాలి. ఆ రోడ్డు మీద బండి మనదే తిరగాలి.

5. టికెట్టులో పంచాయతీ వాటా ముందే రాసుకోవాలి. ఎంత అన్నది తర్వాత మాట్లాడుకుందాం. సున్నా మాత్రం కాకూడదు.

ఇవి జరిగితే అద్దాల పెట్టె పెట్టుకోండి, నేనే కొబ్బరికాయ కొడతా. భైరవకోన జలపాతం చూపించండి, ఏఎస్‌పేట దర్గా చూపించండి, పెంచలకోన స్వామిని చూపించండి. కోట మీద మన పిల్లోడు నిలబడి "సార్, ఈడి కృష్ణుడు ఇప్పుడు చెన్నైలో ఉన్నాడు" అని కథ చెప్పి డబ్బు తీసుకుంటా ఉంటే అంతకన్నా సంతోషం ఏముంది?

జరగకపోతే మాత్రం నా చేను గట్టు మీద నాలుగు కర్రలు, ఒక తాడు సిద్ధంగా పెట్టుకుంటా. వలిసె చేను రైతు నేర్పిన పాఠం అది. చెడిపోయినాడు అంటే అననీండి.

మీ ఊళ్లో రైలు కట్ట ఏ వంకకు అడ్డం పడుతుందో, కల్వర్టు పెట్టినారో లేదో కింద రాయండి. ఊరు పేరు, వంక పేరు రాస్తే చాలు, అన్నీ ఒక కాగితం మీద చేర్చి ఆత్మకూరు డివిజను ఆఫీసులో ఇద్దాం. నలుగురం కాదు, నాలుగొందల మంది పోదాం.

ఉంటా. గొడ్లకు మేత వెయ్యాలి.